ఆపరేటింగ్ సిస్టమ్ పనికి బౌంటీ కట్టడం: ఆరేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

ఒక ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరూ చూసి మార్చుకునే వీలున్న) ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫలానా పని జరగాలని కోరుకునేవాళ్లందరూ తలా కొంత వేసి ఒక మొత్తం పోగుచేస్తారు. ఆ పని చేసి చూపించిన డెవలపర్‌కు ఆ మొత్తం అందుతుంది. దీన్నే బౌంటీ అంటున్నారు. ఆరేళ్లుగా నేను ఈ పద్ధతిని వాడుతున్నాను. ఈ కాలంలో పదకొండు బౌంటీలకు డబ్బు వేశాను, వాటిలో రెండింటికి పనిని పరీక్షించి చెప్పే బాధ్యత తీసుకున్నాను, ఇవి కాక మరో చిన్న బౌంటీని నేనే పూర్తిచేసి డబ్బు అందుకున్నాను. నేను వేసిన పదకొండింటిలో ఐదు పూర్తయ్యాయి, నాలుగు ఇంకా ఎవరూ ముట్టుకోకుండా ఉన్నాయి, రెండింటి డబ్బు పోయింది. ఏదో ఒక సైటును గురించి కాకుండా ఈ పద్ధతినే ఒక సేవగా తీసుకుని, డబ్బు పెట్టేవారికి అది మాట ఇచ్చినది చేతికి అందిస్తోందా అన్నది ఇక్కడ చూడదలచుకున్నాను.

లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కోడ్) విషయంలో ఈ ప్రశ్న అంతగా రాదు, ఎందుకంటే అందులో చేరే కోడ్‌లో ఎక్కువ భాగం ఏదో ఒక కంపెనీలో జీతం తీసుకునేవాళ్లు రాసేదే. ఇబ్బంది అంతా చిన్న వ్యవస్థలది. బీ కంపెనీ 2001లో తన ఆస్తులను పామ్‌కు అమ్ముకున్నాక దాని ఆపరేటింగ్ సిస్టమ్ బీఓఎస్ అభిమానులు మొదటి నుంచి రాసుకుంటూ వచ్చిన హైకూ, 1995 నుంచి అమిగా అనే పాత ఇంటి కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను స్వేచ్ఛా కోడ్‌తో తిరిగి నిర్మిస్తున్న ఏరోస్, డ్రాగన్‌ఫ్లై వంటి చిన్న బీఎస్‌డీలు (యూనిక్స్ వంశపు స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లు), వీటికి వాడుకరులు తక్కువ, ప్రేమ ఎక్కువ. వాళ్ల దగ్గరున్న ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్‌కు డ్రైవర్ (ఆ చిప్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకునేలా చేసే కోడ్) రాసిపెట్టమని తయారీదారును అడిగితే జవాబు కూడా రాదు. స్వచ్ఛందంగా పనిచేసే డెవలపర్‌కేమో ఆ ల్యాప్‌టాప్ ఉండదు, ఉన్నా ఆ పని మీద ఆసక్తి ఉండాలని లేదు. ఈ పరిస్థితిలో ఇరవై మంది ముప్ఫై డాలర్ల చొప్పున వేసుకుంటే ఆరు వందల డాలర్లు అవుతుంది. ఎవరో ఒక చేయి తిరిగిన విద్యార్థికి రెండు నెలల సాయంత్రాలు ఆ పని మీద పెట్టడానికి అది కారణం కావచ్చు. ఈ లెక్క నన్ను మొదట ఆకర్షించింది, ఇప్పటికీ ఆకర్షిస్తూనే ఉంది.

అందరికీ చెందినదానికి ఎవరు ఖర్చు పెట్టాలన్న చిక్కు చాలా పాతది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు. సాఫ్ట్‌వేర్‌కు ఈ చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఒకసారి రాసి బయటపెట్టిన డ్రైవర్‌ను డబ్బు వేసినవాడూ వేయనివాడూ సమానంగా వాడుకుంటారు. 1999లో జాన్ కెల్సీ, బ్రూస్ ష్నయర్ కలిసి దీనికొక మార్గం ప్రతిపాదించారు. వీధి కళాకారుడు తగినంత చందా పోగయ్యాకే తర్వాతి ఆట మొదలుపెట్టినట్లు, రచయిత కూడా ఒక మొత్తం ప్రకటించి, అది మధ్యవర్తి దగ్గర జమ అయ్యాకే తన రచనను అందరికీ ఉచితంగా విడుదల చేయవచ్చని వాళ్లు రాశారు. బౌంటీ దీన్ని తిరగేసినట్టు ఉంటుంది. ఇక్కడ చేసేవాడు ఎవరో ముందు తెలియదు, డబ్బు మాత్రం అతని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ ఒక్క తేడా ఎన్ని మంచి ఫలితాలకు, ఎన్ని ఇబ్బందులకు కారణమయ్యిందో డబ్బు వేసి చూస్తేగానీ నాకు అర్థం కాలేదు.

మంచి ఫలితంతో మొదలుపెడతాను. మైక్రోసాఫ్ట్ కినెక్ట్ కెమెరా 2010 నవంబర్ 4న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అదే రోజున అడాఫ్రూట్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ, దానికి ఓపెన్ సోర్స్ డ్రైవర్ రాసినవారికి 1,000 డాలర్లు ఇస్తామని ప్రకటించి, తర్వాత ఆ మొత్తాన్ని 2,000కు, ఆపైన 3,000కు పెంచింది. స్పెయిన్‌కు చెందిన హెక్టర్ మార్టిన్ నవంబర్ 10న, అంటే యూరప్‌లో ఆ కెమెరా దుకాణాల్లోకి వచ్చిన రోజునే, లినక్స్ ల్యాప్‌టాప్ మీద రంగు చిత్రాన్నీ వస్తువులు ఎంత దూరంలో ఉన్నాయో చూపే లోతు చిత్రాన్నీ పక్కపక్కన చూపించి ఆ బహుమతి గెలుచుకున్నాడు. వారం రోజులు కూడా పట్టలేదు. ఆ కోడ్ మీద ఆధారపడి తర్వాత ఎంతమంది ఎన్ని పనులు చేశారో చూస్తే 3,000 డాలర్లకు ఇంతకంటే మంచి వినియోగం ఊహించలేం. 2006లో ఇంటెల్ మ్యాక్ మీద విండోస్ ఎక్స్‌పీ నడిపించినవారికని జనం పోగుచేసిన 13,854 డాలర్ల బహుమతి కూడా ఇలాగే కొద్ది వారాల్లో పరిష్కారమయ్యింది. ఏరోస్ సమాజం చందాలతో జరిగిన పనుల్లో అమిగాను మొదలుపెట్టే చిప్‌లోని కోడ్ అయిన కిక్‌స్టార్ట్ రోమ్‌కు ప్రత్యామ్నాయం రాయించడం ఒకటి. అసలు రోమ్ చేతిలో లేనివాళ్లు కూడా అమిగా ఎమ్యులేటర్‌ను (వేరే కంప్యూటర్ మీద అమిగాను అనుకరించే ప్రోగ్రామ్) తెరిచి వాడుకోగలిగే వీలు దానివల్ల కలిగింది. డబ్బు వేసినవాళ్లు కోరుకున్నదానికి మించి ఫలితం వచ్చిన పని అది.

ఈ మూడింటినీ కలిపేది ఒకటుంది. పని అయ్యిందో లేదో తేల్చడానికి సభ అక్కరలేదు. బొమ్మ తెర మీద కనిపిస్తే అయినట్టు, కనిపించకపోతే కానట్టు. చేరవలసిన చోటు కదలకుండా ఒకచోటే ఉంటుంది. ఈ రెండూ లేని పనికి బౌంటీ పెడితే ఏమవుతుందో చెప్పడానికి అమిజిల్లా ఉంది. మొజిల్లా బ్రౌజర్‌ను అమిగాకు తీసుకురావాలని 2003లో డిస్క్రీట్‌ఎఫ్ఎక్స్ అనే సంస్థ చొరవతో మొదలైన ఈ బౌంటీకి అభిమానులు ఎంతో నమ్మకంతో డబ్బు వేశారు, మొత్తం 10,000 డాలర్లు దాటింది, అయినా ఏళ్ల తరబడి దాన్ని అందుకునేవారే లేకపోయారు. బ్రౌజర్ అనేది ఒక పని కాదు, ఒక దాని కింద మరొకటిగా పేర్చుకుంటూ పోవలసిన యాభై పనులు. పైగా కింద పని చేస్తుండగానే పైన బ్రౌజర్ కొత్త వెర్షన్‌కు వెళ్లిపోతుంది. అలాంటి పనికి ఏడాదో రెండేళ్లో పట్టేటప్పుడు, చివరి రోజున మాత్రమే చేతికొచ్చే 10,000 డాలర్ల కోసం ఎవరు కూర్చుంటారు? మొత్తం చిన్నదై బౌంటీ విఫలమయ్యిందని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయంలో మొత్తం రెట్టింపు చేసినా అది పూర్తయ్యేది కాదు, ఎందుకంటే లోపం డబ్బు చేరే తీరులో ఉంది.

ఇక నా కళ్లెదుట జరిగినదాన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పద్ధతి బలమూ బలహీనతా నాకు పూర్తిగా తెలిసివచ్చింది అక్కడే. నేను వాడే ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో ల్యాప్‌టాప్ నిద్రపోయి లేచే సదుపాయం కోసం ఇరవై ముగ్గురం కలిసి 640 డాలర్లు వేశాం. బౌంటీ ప్రకటనలో ఉన్నది ఒక్కటే వాక్యం: మూత మూస్తే యంత్రం నిద్రపోవాలి, తెరిస్తే లేవాలి. ఏడు నెలల తర్వాత ఒక డెవలపర్ పని పూర్తయ్యిందని తెలియజేశాడు. పరీక్షించే బాధ్యత తీసుకున్నాను కనుక అతని బిల్డ్‌ను నా యంత్రంలో ఎక్కించి మూత మూశాను. ఫ్యాన్ ఆగింది, పవర్ దీపం నెమ్మదిగా వెలిగి ఆరడం మొదలుపెట్టింది. తెరిచాను. రెండు సెకన్లలో డెస్క్‌టాప్ ఉన్నదున్నట్టు వచ్చింది. ఆ క్షణంలో కలిగిన సంతోషాన్ని దాచుకోవలసిన అవసరం లేదు, మూడేళ్లుగా నేను దానికోసం ఎదురుచూశాను. తర్వాత పాట పెడితే శబ్దం లేదు. వైఫై నెట్‌వర్క్‌ల జాబితా ఖాళీగా ఉంది, డ్రైవర్‌ను దించి మళ్లీ ఎక్కిస్తే గానీ రాలేదు. ఏడోసారి మూత తెరిచినప్పుడు ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపవలసి వచ్చింది.

ఇదంతా రాసి పంపితే డెవలపర్ ఎంతో మర్యాదగా ఇచ్చిన సమాధానం నాకు ఇప్పటికీ గుర్తుంది. ప్రకటనలో నిద్రపోవడం, లేవడం అని మాత్రమే ఉందనీ, శబ్దం, వైఫై వేరే డ్రైవర్ల సంగతి అనీ, వాటిని ఎవరు రాశారో వాళ్లే నిద్ర సంకేతాలను అందుకునేలా మార్చవలసి ఉంటుందనీ అతను వివరించాడు. అతని మాటలో తప్పు లేదు. డబ్బు వేసిన మాలో కొందరు మోసం జరిగిందన్నట్టు మాట్లాడారు. వాళ్ల ఆశాభంగం నాకు అర్థమయ్యింది, కానీ తప్పు మాది. కొనదలచుకున్నది ఏమిటో రాయకుండా డబ్బు పెట్టిన తర్వాత, అందినదాన్ని చూసి ఇది కాదంటే ఎలా? అయిదు వారాల పాటు వాదోపవాదాలు, వోట్లు నడిచాక చివరకు కొత్తగా ఒక ఒప్పందం రాసుకున్నాం. అయిదేసి నిమిషాల నిద్రతో వరుసగా పదిసార్లు మూత మూసి తెరవాలి, ప్రతిసారీ తెర, కీబోర్డు, శబ్దం, నెట్‌వర్క్ పనిచేయాలి, బ్యాటరీ శాతం సరిగ్గా చూపించాలి, పేరు చెప్పిన మూడు ల్యాప్‌టాప్ మోడళ్లలో రెండింటిలోనైనా ఇది నెగ్గాలి. అదనపు పనికని మరో 210 డాలర్లు వేశాం. నాలుగు నెలల తర్వాత అతను దాన్ని నెగ్గించి చూపాడు. మొదటి రోజునే ఆ నాలుగు వాక్యాలు రాసి ఉంటే ఒక మంచి డెవలపర్ మనసు కష్టపెట్టేవాళ్లం కాదు.

బౌంటీ పద్ధతిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం దీని తర్వాతనే తెలిసింది. అతను పంపిన ప్యాచ్ (ఉన్న కోడ్‌కు చేసే మార్పు) సుమారు 1,900 వరుసలు. అది కెర్నెల్‌లో యంత్రపు గుండెకాయ లాంటి చోటును తాకుతుంది కనుక దాన్ని ఎవరైనా క్షుణ్ణంగా చదివితే తప్ప ప్రధాన కోడ్‌లో కలపకూడదు. ఆ చదివే పని ఒక మెయింటైనర్ (ఆ కోడ్‌ను చూసుకునే బాధ్యత ఉన్నవాడు) మీద పడింది. మూడు వారాల పాటు రాత్రుళ్లు కూర్చుని ఆయన 57 వ్యాఖ్యలు రాశాడు. ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా కోడ్‌లో వేసే తాళాలు తప్పు వరుసలో వేస్తే రెండు ప్రాసెసర్లు ఒకదాని కోసం మరొకటి ఎదురుచూస్తూ ఆగిపోయే లోపాన్ని పట్టుకున్నది ఆయనే, నా యంత్రంలో ఏడోసారి తెర నల్లబడటానికి కారణం అదే. 850 డాలర్లలో ఆయనకు అందింది సున్నా. ఏడాది తిరగకముందే కెర్నెల్‌లో ఇంటరప్టులను (పరికరాలు ప్రాసెసర్‌కు పంపే పిలుపులను) పంచే విధానం మారింది, నిద్ర కోడ్ మళ్లీ పాడయ్యింది. రాసిన డెవలపర్‌కు అప్పటికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, వెళ్లడానికి అతనికి పూర్తి హక్కు ఉంది. బాగుచేసింది మళ్లీ ఆ మెయింటైనరే, మళ్లీ ఉచితంగానే. కోడ్ వచ్చి చేరినందుకు బౌంటీ డబ్బు ఇస్తుంది, ఆ కోడ్ పదేళ్లు బతికి ఉండటానికి మాత్రం ఏమీ ఇవ్వదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఖర్చంతా ఆ రెండో దానికే అవుతుంది. వేరే ప్రోగ్రామ్‌లో ఒక మెనూ పాడైతే ఒక మెనూ పోతుంది. కెర్నెల్‌లో నిద్ర కోడ్ పాడైతే మూత మూసిన ప్రతివాడి పనీ పోతుంది.

బౌంటీల వల్ల డెవలపర్ల మధ్య సహకారం దెబ్బతింటుందనే విమర్శ తరచుగా వింటుంటాం. నేను డబ్బు వేసిన ఒక నెట్‌వర్క్ డ్రైవర్ విషయంలో అది నిజమయ్యింది. ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు రెండేసి నెలలు పనిచేశారు, ముందు పంపినవాడికి మొత్తం దక్కింది, పది రోజులు ఆలస్యమైన రెండోవాడికి ఏమీ దక్కలేదు, ఆ తర్వాత అతను ఆ ప్రాజెక్టులో మళ్లీ కనిపించలేదు. అతని కోడ్‌లో విద్యుత్ ఆదా చేసే భాగం మొదటివాడి దానికంటే మెరుగ్గా ఉందని తర్వాత చూసినవాళ్లు చెప్పారు. పని మొదలుపెట్టినవాడు ఆ మాట ప్రకటించి, మూడు నెలల గడువుతో బౌంటీని తన పేర రాయించుకునే నిబంధన ఉంటే ఇది జరిగేది కాదు. ఆ నిబంధన పెట్టిన చోట్ల ఈ సమస్య నాకు ఎదురు కాలేదు.

డబ్బు ఎవరి చేతిలో ఉంటుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. బౌంటీ డబ్బుకు ఒక విచిత్రమైన గుణం ఉంది, అది ఏళ్ల తరబడి ఎవరిదీ కాకుండా ఎవరో ఒకరి ఖాతాలో నిలిచి ఉంటుంది. బౌంటీసోర్స్ కథ అందరూ తెలుసుకోవలసినది. ఒకప్పుడు ఈ రంగంలో అందరూ ముందుగా తలచుకునే సైటు అదే. ఎలిమెంటరీ ఓఎస్ వంటి ప్రాజెక్టులు తమ లోపాల జాబితాను దానితో ముడిపెట్టుకున్నాయి, నియోవిమ్ 2014లో తన తొలి నిధుల సేకరణను దాని మీదే నడిపింది. 2017లో అది క్రిప్టో వ్యాపారంలో ఉన్న కన్యా సంస్థ చేతికి, 2020లో ది బ్లాక్‌చెయిన్ గ్రూప్ చేతికి మారింది. అదే 2020 జూన్‌లో, రెండేళ్లలోగా ఎవరూ పూర్తిచేయని బౌంటీల మొత్తం సైటుకే చెందుతుందని కొత్త నిబంధన ప్రకటించారు. డెవలపర్లు, దాతలు గట్టిగా ఎదురుతిరిగాక దాన్ని వెనక్కి తీసుకున్నారు గానీ పోయిన నమ్మకం తిరిగి రాలేదు. 2023 నాటికి పని పూర్తిచేసినవారికి చెల్లింపులే ఆగిపోయాయి. డబ్బు వేసినవాళ్లు, కోడ్ రాసినవాళ్లు ఇద్దరూ మాట నిలబెట్టుకున్నారు, మధ్యలో ఉన్న చోటు నిలబడలేదు.

నేను పోగొట్టుకున్న రెండు బౌంటీలు మరో చిన్న సైటులోవి. మూతపడుతున్నామని వాళ్లు ఇచ్చిన గడువు 14 రోజులు, ఆ సమాచారం నేను వాడటం మానేసిన పాత మెయిల్‌కు వెళ్లింది. మొత్తం 95 డాలర్లు. అంతకంటే ఎక్కువగా నన్ను కష్టపెట్టింది, వాటిలో ఒకదాని మీద ఒక విద్యార్థి అప్పటికే సగం పని చేసి ఉండటం. ఆమెకు ఆ సైటు నుంచి ఒక్క మాట కూడా అందలేదు. మిగిలిన దాతలం కొందరం నేరుగా ఆమెకు ఎంతో కొంత పంపాం. ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ప్రాజెక్టుకు చెందిన లాభాపేక్ష లేని సంస్థ ఖాతాలో ఉండే డబ్బు తప్ప, మధ్యవర్తి సైటు ఖాతాలో మూడు నెలలకు మించి నిలిచే బౌంటీకి డబ్బు వేయను.

నేను స్వయంగా పూర్తిచేసిన బౌంటీ గురించి కొద్దిగానే చెబుతాను. తెర వెలుతురు పెంచే తగ్గించే కీలు పనిచేయించాలి, మొత్తం 180 డాలర్లు, నాకు సుమారు 40 గంటలు పట్టింది. గంటకు ఎంత పడిందో లెక్క వేస్తే దాన్ని సంపాదన అనలేం. అయినా ఆ పని మళ్లీ ఇచ్చినా చేస్తాను, ఎందుకంటే ఆ పేజీలో పద్నాలుగు పేర్లు ఉన్నాయి. పద్నాలుగు మంది తమ యంత్రం మీద ఈ చిన్న పని జరగాలని తమ జేబులో నుంచి తీసి చెప్పారు. లోపాల జాబితాలో వెయ్యి అభ్యర్థనలు పడి ఉన్న చోట, దేనితో మొదలుపెట్టాలో చెప్పే సంకేతంగా బౌంటీకి ఉన్న విలువ, కూలిగా దానికున్న విలువ కంటే ఎక్కువ అని అప్పుడు అర్థమయ్యింది.

మిగతా పద్ధతులతో పోల్చి చూస్తే బౌంటీ స్థానం మరింత స్పష్టమవుతుంది. కినెక్ట్ బౌంటీని వారంలో గెలిచిన ఆ హెక్టర్ మార్టినే 2020 చివర్లో యాపిల్ ఎం1 మ్యాక్‌ల మీద లినక్స్ నడిపే అసాహి ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు బౌంటీ జోలికి పోలేదు, నెలనెలా చందా ఇచ్చే అభిమానులను అడిగాడు. అది సరైన ఎంపిక. సాంకేతిక పత్రాలు లేని చిప్‌ను అడుగడుగునా శోధించి, 2022 మార్చిలో తొలి ఆల్ఫా (తొలి దశ పరీక్షా విడుదల) ఇచ్చి, 2023 నాటికి ప్రమాణాల పరీక్ష నెగ్గిన గ్రాఫిక్స్ డ్రైవర్ వరకు ఆ బృందం వెళ్లగలిగిందంటే, ఫలితం లేని నెలల్లో కూడా డబ్బు వచ్చింది కనుకనే. అయితే నెలసరి చందాకు దాని బరువు దానికుంది. 2025 ఫిబ్రవరిలో ఆయన తీవ్రమైన అలసటను కారణాల్లో ఒకటిగా చెప్పి నాయకత్వం వదులుకున్నాడు. ఒక మనిషి పేరు మీద నడిచే చందాలో వాడుకరుల ఎదురుచూపులన్నీ ఆ మనిషి మీదే పడతాయి. ఆ తర్వాత ప్రాజెక్టు ఒక బృందం పేరుతో చందాలు తీసుకునే ఏర్పాటుకు మారడం మంచి నిర్ణయం.

హైకూ విషయమూ చెప్పుకోదగినదే. అక్కడ కూడా ఒకప్పుడు హైకూవేర్ అనే అభిమానుల సైటు బౌంటీలు నడిపింది. 2021లో ఆ ప్రాజెక్టు వెనకనున్న లాభాపేక్ష లేని సంస్థ పోగైన విరాళాలతో ఒక డెవలపర్‌ను పూర్తికాలపు కాంట్రాక్టు మీద తీసుకుంది. ఎవరూ బౌంటీ పెట్టని పనులు, అంటే మెమరీ లీకులు (వాడిన మెమరీని తిరిగి ఇవ్వకపోవడం), కెర్నెల్ కుప్పకూలే అరుదైన సందర్భాలు, డ్రైవర్ల కింద ఉండే పొరలు, ఇవి అప్పటి నుంచి వరుసగా బాగుపడుతూ వచ్చాయి. 2022 డిసెంబర్‌లో వచ్చిన నాలుగో బీటాలో (పరీక్షా విడుదలలో) ఓపెన్‌బీఎస్‌డీ వైఫై డ్రైవర్లను వాడుకునే పొర చేరింది. ఒక్కో వైఫై చిప్‌కు ఒక్కో బౌంటీ కట్టుకుంటూ పోయి ఉంటే ఎన్నేళ్లు పట్టేదో ఆలోచించండి. జీతం మీద ఉన్న మనిషికి ఒక చిప్ కాకుండా మొత్తం చిప్‌ల సమస్యను చూసే తీరిక ఉంటుంది.

ఇంకో మెట్టు పైకి వెళితే నెదర్లాండ్స్‌లోని ఎన్ఎల్‌నెట్ ఫౌండేషన్ ఉంది. అది పనిని మైలురాళ్లుగా విడగొట్టి, ఒక్కో మైలురాయి చేరగానే చెల్లిస్తుంది. అమిజిల్లాకు లేకపోయింది సరిగ్గా ఇదే. జర్మనీలోని సావరిన్ టెక్ ఫండ్ 2024లో ఫ్రీబీఎస్‌డీకి 6,86,400 యూరోలు కేటాయించింది, అది చందాలు వేసుకునే మనలాంటివాళ్లకు అందని మొత్తం. డబ్బు అవసరం ఎలాంటి చోట పుడుతుందో తెలియడానికి ఓపెన్‌బీఎస్‌డీ ఒక్కటి చాలు. 2014 జనవరిలో ఆ ప్రాజెక్టు తన బిల్డ్ యంత్రాల కరెంటు బిల్లుకు సుమారు 20,000 డాలర్లు లేక సాయం కోరవలసి వచ్చింది. దూరంలోని కంప్యూటర్లతో సురక్షితంగా పనిచేయడానికి ప్రపంచమంతా వాడే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ అక్కడి నుంచే వస్తుంది. కరెంటు బిల్లుకు బౌంటీ కట్టాలని ఎవరికీ తోచదు.

కాబట్టి బౌంటీకి నేనిచ్చే మార్కులు పనిని బట్టి మారతాయి. ఒక పరికరానికి డ్రైవర్, ఒక ఫైల్ ఫార్మాట్‌కు మద్దతు, ఒక సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి తీసుకురావడం, వీటికి అయిదుకు నాలుగు ఇస్తాను, నిస్సంకోచంగా డబ్బు వేయమంటాను. బ్రౌజర్, గ్రాఫిక్స్ వ్యవస్థ, కొత్త ప్రాసెసర్ మీదికి మార్పిడి వంటివాటికి ఒకటి కంటే ఎక్కువ ఇవ్వలేను. భద్రతకు, నిర్వహణకు, వివరణ పత్రాలు (డాక్యుమెంటేషన్) రాయడానికి ఇది పనికే రాదు. నా ఏడాది బడ్జెట్‌లో ఇప్పుడు మూడు వంతులు ప్రాజెక్టు సంస్థకు నెలనెలా వెళుతుంది, ఒక వంతే బౌంటీలకు. మొదట్లో ఇది తలకిందులుగా ఉండేది.

వేసే ఆ ఒక వంతును కూడా ప్రకటన పూర్తిగా చదవకుండా వేయను. పని అయ్యిందని ఎవరు, ఏ యంత్రం మీద, ఎలా తేలుస్తారో రాసి ఉండాలి. కోడ్ పరిశీలించే మెయింటైనర్‌కు వాటా ఉండాలి. గడువు దాటితే డబ్బు దాతకు వెనక్కి వస్తుందా, ప్రాజెక్టు సాధారణ నిధికి వెళుతుందా అన్నది ముందే తేలాలి, రెండోదైనా నాకు అభ్యంతరం లేదు. మొత్తంలో కొంత భాగాన్ని ఏడాది పాటు ఆపి ఉంచి, ఆ ఏడాదిలో వచ్చిన లోపాలు సరిచేశాక ఇవ్వడం నేను చూసినవాటిలో అన్నిటికంటే మంచి ఏర్పాటు.

ఇప్పుడు నడుస్తున్న ఒక బౌంటీ ప్రకటన రాయడంలో నేను కూడా పాలుపంచుకున్నాను. యూఎస్‌బీ హెడ్‌ఫోన్లు, మైకులు పనిచేయించే పని, మొత్తం 900 డాలర్లు. అందులో 500 శబ్దం వినిపించగానే, 150 మైకు పనిచేయగానే డెవలపర్‌కు అందుతాయి, 150 కోడ్ పరిశీలించినవారికి, మిగిలిన 100 ఏడాది తర్వాత అప్పటికీ నిర్వహిస్తున్నవారికి, అది ఎవరైనా సరే. డబ్బు ప్రాజెక్టు సంస్థ ఖాతాలోనే ఉంది. పరీక్షకు ఎంచుకున్న మూడు హెడ్‌ఫోన్లలో రెండింటిలో గంటసేపు ఆగకుండా పాట వినిపించిందని డెవలపర్ పోయిన వారం రాశారు. మూడోదానిలో ఎడమ చెవికి శబ్దం రావడం లేదట. అది నా దగ్గర ఉన్న మోడలే కనుక దాని వివరాలన్నీ లాగ్ తీసి ఈ ఉదయమే పంపాను.